కారుకొక గది

ప్రహరీ లోపల, కారును ఎండకూ వానకూ దొంగలకూ దూరంగా నిలుపుకోవడానికి కట్టుకునే చోటే కారు షెడ్డు. తెలుగు పట్టణాల్లో ఇది మూడు రూపాల్లో కనిపిస్తుంది. ఇంటి ముందు పిల్లర్ల మీద స్లాబు వేసి, రెండు మూడు వైపులా తెరిచి ఉంచే పోర్టికో ఒకటి. ఇనుప పైపుల మీద రేకులు కప్పిన షెడ్డు మరొకటి. ఇంటిని మొదటి అంతస్తుకు ఎత్తి, కింది నేలంతా వాహనాలకు వదిలేసే స్టిల్ట్ మూడోది. మూడు వైపులా గోడలు, ముందు షట్టరు ఉండే గ్యారేజీ మంచు కురిసే దేశాలకు అవసరం. ఇక్కడి ఉక్కపోతకు గాలి ఆడే కట్టడమే మేలు. మూసిన గదిలో ఇంజను నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగై ప్రాణం తీస్తుంది. తెరిచి ఉన్న పోర్టికోలో ఆ భయం లేదు.

ఈ మూడింటిలో ఏది కట్టినా ఆలోచన మాత్రం చాలా ఇళ్ళలో ఆలస్యంగానే మొదలవుతుంది. హాలు, వంటగది, పూజగది, పడకగదులు గీసిన తర్వాత మిగిలిన మూల కారుకు దక్కుతుంది. వరస దీనికి తలకిందులుగా ఉండాలి. పడకగదిని ఒక అడుగు తగ్గించినా, పక్కకు జరిపినా ఇబ్బంది లేదు. వంటగట్టును ఏ గోడకైనా చేర్చవచ్చు. కారు అలా సర్దుకోదు. అది రోడ్డు వైపు నుంచే రావాలి, తనకు కావలసినంత మేర తిరగాలి, తన పొడవంతా లోపల పట్టాలి, పక్కన మనుషులు తలుపు తీసి దిగాలి. అందుకే ప్లానులో మొదటి గీత కారుదే కావాలి.

కొలతలతో మొదలుపెడితే విషయం తేటపడుతుంది. సొంత గ్యారేజీకి కనీసం 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల ఎత్తు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. సుమారు పది అడుగులు, ఇరవై అడుగులు, ఎనిమిది అడుగులు అన్నమాట. ఈ అంకెలు ఊరికే వచ్చినవి కావు. ఇన్నోవా క్రిస్టా లాంటి పెద్ద కారు పొడవు దాదాపు 4.7 మీటర్లు. ముందొక రెండడుగులు, వెనకొక రెండడుగులు మనిషి నడవడానికి, డిక్కీ తెరవడానికి వదిలితే ఆరు మీటర్లవుతుంది. వెడల్పు 1.8 మీటర్లు, రెండు వైపులా తలుపులు బార్లా తీసి దిగాలంటే మూడు మీటర్లు కూడా చాలవు, పదకొండు అడుగులు కావాలి. ఇంట్లో స్కూటర్లు, సైకిళ్ళు ఉంటాయి కాబట్టి పక్కన మరో మూడడుగులు కలుపుకోవాలి. తెలుగు ఇంట్లో కారు వచ్చిందని స్కూటరు వెళ్ళిపోదు.

పదికి ఇరవై అంటే రెండు వందల చదరపు అడుగులు, అంటే 22 గజాలు. నూట యాభై గజాల స్థలంలో అది ఇంచుమించు ఏడో వంతు. తమ వీధిలో గజం ధర ఎంతో దానితో హెచ్చవేసి చూస్తే, చాలా ఊళ్ళలో ఆ నేల విలువ అందులో నిలబడే కారు విలువను దాటిపోతుంది. ఈ లెక్క కారు కొనవద్దని చెప్పడానికి కాదు. అంత విలువైన చోటు కట్టేటప్పుడు కూడా అంతే శ్రద్ధ అడుగుతుందని గుర్తుంచుకోవడానికి. కారుపైన స్లాబు వేసి దాని మీద గది కట్టుకుంటే నేల వృథా కాదు. ఆ సౌకర్యం దక్కాలన్నా పిల్లర్లూ పునాదులూ మొదటి రోజునే అందుకు తగ్గట్టు వేసి ఉండాలి.

ఇవాళ ఇంట్లో ఉన్న కారును కొలిచి షెడ్డు కట్టడం మరో పొరపాటు. 1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి తాళంచెవి చేతులు మారింది. ఆ కారు పొడవు పదకొండు అడుగుల లోపు, వెడల్పు ఐదడుగుల లోపు. తర్వాతి ఇరవై ఏళ్ళలో మధ్యతరగతి ఇళ్ళ పోర్టికోలు ఎన్నో దాన్ని చూసే కట్టారు. 2006 కేంద్ర బడ్జెట్టు నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించాక కంపెనీలు ఆ హద్దు దాకా పొడవు పెంచాయి. ఆపైన ఎత్తయిన, వెడల్పయిన కార్ల మోజు వచ్చింది. పన్నెండు అడుగుల పాత పోర్టికోలో కొత్త బండి పూర్తిగా తల దాచుకోలేదు, బయట మిగిలిన భాగం గేటును మూయనివ్వదు. సొంత కారు రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్ళకు ఇస్తారు. ఇల్లు యాభై అరవై ఏళ్ళు నిలుస్తుంది. ఒక్క షెడ్డు కింద మూడు తరాల కార్లు నిలబడతాయి కాబట్టి కొలత రాబోయే వాటికీ సరిపోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది మట్టాల దగ్గర. రోడ్డు మట్టం, షెడ్డు మట్టం, ఇంటి లోపలి గచ్చు మట్టం మూడూ వేర్వేరు. ఇంటిని రోడ్డుకన్నా రెండున్నర, మూడడుగులు ఎత్తి బేస్‌మెంటు కట్టడం తెలుగువారి అలవాటు. అది మంచి అలవాటే. పాత తారు తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే రోడ్డు ఏటికేడు లేస్తుంది, పాత ఇల్లు గుంటలో పడుతుంది. అయితే అదే ఎత్తును షెడ్డుకూ ఇస్తే కారు ఎక్కాల్సిన ర్యాంపు కొండంత అవుతుంది. ఎనిమిది అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు అనేది కారు ర్యాంపుకు ఆఖరి హద్దు. పది అడుగులకు ఒక అడుగైతే సుఖం. షెడ్డును రోడ్డుకు అడుగున్నర ఎత్తున పెడితే హద్దు వాటంలోనే పన్నెండు అడుగుల ర్యాంపు, సుఖమైన వాటంలో పదిహేను అడుగుల ర్యాంపు కావాలి. షెడ్డుకు ఇరవై కలిపితే తక్కువలో తక్కువ ముప్పై రెండు అడుగులు. స్థలం లోతే నలభై అయిదు అడుగులైన చోట ఇది కుదిరే పని కాదు.

కుదరని ఆ ర్యాంపు చివరికి ఎక్కడికి పోతుందో ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. గేటు దాటి, మురుగు కాలువ మీదుగా, రోడ్డులోకి నాలుగడుగులు దూసుకువస్తుంది. కింద కాలువ మూసుకుపోతుంది, పూడిక తీసే మనుషులకు పార పట్టే సందు ఉండదు. వాన కురిస్తే నీరు పక్కింటి వాకిట్లో నిలుస్తుంది. చీకట్లో సైకిలు మీద వచ్చేవారు ఆ అంచుకు తగిలి పడతారు. సొంత కారు కోసం కట్టిన వాలు సొంత స్థలంలోనే ముగియాలి. ఇందులో రెండో మాటకు తావు లేదు.

పరిష్కారం షెడ్డు నేలను దించడంలో ఉంది. షెడ్డు రోడ్డుకన్నా తొమ్మిది అంగుళాలు ఎత్తుంటే చాలు. ఎనిమిదికి ఒకటి లెక్కన ఆరడుగుల ర్యాంపుతో సరిపోతుంది. షెడ్డు నుంచి ఇంటి గుమ్మానికి మూడు నాలుగు మెట్లు పెడితే ఇంటి ఎత్తులో ఇల్లు ఉంటుంది, కారు ఎత్తులో కారు ఉంటుంది. ర్యాంపు మొదట్లోనూ చివరలోనూ రెండేసి అడుగుల మేర వాటాన్ని సగానికి తగ్గించాలి, అందుకు ర్యాంపు పొడవు మరో రెండడుగులు పెరుగుతుంది. అలా చేయకపోతే ముందు చక్రాలు ఎక్కిన క్షణాన బంపరు నేలను గీస్తుంది, పైకి చేరాక కారు పొట్ట అంచుకు తగులుతుంది. షెడ్డు నేలకు కూడా వీధి వైపు కొంచెం నీటివాటం ఉండాలి, ఇరవై అడుగులకు మూడు నాలుగు అంగుళాలు. ఆ నీరు రోడ్డెక్కకుండా గేటు లోపలే అడ్డంగా చిన్న కాలువ తీసి, పైన ఇనుప జాలీ పరిచి, ఇంకుడు గుంతకు మళ్ళిస్తే వాననీరు సొంత బోరుకే ఉపయోగపడుతుంది. కారు కడిగిన నూనె నీరు మాత్రం ఆ గుంతలోకి పోకూడదు.

ర్యాంపు గేటు లోపలికి వచ్చిందంటే గేటు గురించి కొత్తగా ఆలోచించాలి. లోపలికి తెరుచుకునే తలుపు పైకి లేచే నేలకు తగిలి ఆగిపోతుంది. గేటు కింద సందు పెంచితే వీధి కుక్కలు దూరతాయి. బయటికి తెరిస్తే రోడ్డు మీది మనుషులకు తగులుతుంది. గోడ వెంట పక్కకు జరిగే స్లైడింగ్ గేటు గానీ, మడతలు పడే గేటు గానీ ఇక్కడ సరైనది. స్లైడింగ్ గేటు జరగడానికి దాని వెడల్పంత గోడ పక్కన ఖాళీగా ఉండాలి. ఆ గోడకే మీటరు పెట్టె, చెట్టు, కుళాయి పెడితే గేటు సగమే తెరుచుకుంటుంది. గేటు వెడల్పు వీధిని బట్టి ఉంటుంది. నలభై అడుగుల రోడ్డు మీద పది అడుగుల గేటు చాలు. ఇరవై అడుగుల వీధిలో కారు మలుపు తిరిగి లోపలికి రావాలంటే పన్నెండు అడుగులు పెట్టాలి.

ఆ ఇరవై అడుగుల వీధికి ఇంకో లెక్క కూడా ఉంది. షెడ్డు లేని రెండు ఇళ్ళ కార్లు ఎదురెదురుగా రోడ్డు మీద ఆగితే చెరి ఆరడుగులు పోయి మధ్యలో ఎనిమిది అడుగులు మిగులుతాయి. ఫైరింజనుకు ఎనిమిది అడుగులకు పైనే కావాలి. రోడ్డును షెడ్డుగా వాడుకున్న రోజున వీధిలో ఎవరి ఇల్లు అంటుకున్నా నీళ్ళ బండి మలుపు దగ్గరే ఆగిపోతుంది.

వాస్తు సంగతి ప్రతి ఇంట్లోనూ వస్తుంది. కారు చోటుకు వాయవ్యం, అది కుదరకపోతే ఆగ్నేయం మంచిదని చెప్పేవారే ఎక్కువ. ఈశాన్యంలో బరువు వద్దంటారు. నాలుగు దిక్కుల స్థలాలనూ తిప్పి చూస్తే ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. ఉత్తర, పడమర ముఖాల స్థలాలకు వీధి వైపు వాయవ్యం దొరుకుతుంది. తూర్పు, దక్షిణ ముఖాలకు ఆగ్నేయం దొరుకుతుంది. సంపు, బోరు ఈశాన్యంలో ఉండటం వల్ల కారు వాటి మీద పడకుండా తప్పుకుంటుంది. నమ్మకం ఉన్నవారికీ లేనివారికీ ఇది పనికొచ్చే ఏర్పాటే. ఇబ్బంది వచ్చేది సెప్టిక్ ట్యాంకుతో. దాన్నీ తరచు వాయవ్యానికే పంపుతారు కాబట్టి అది షెడ్డు కిందికి చేరుతుంది. అలాంటప్పుడు ట్యాంకు పైస్లాబును బండి బరువుకు లెక్కకట్టి వేయించాలి, మూతను చక్రం నడవని చోట పెట్టాలి, ట్యాంకు ఖాళీ చేసే బండి గొట్టం అందేలా చూసుకోవాలి. సంపు కూడా షెడ్డులోకి రాక తప్పకపోతే దాని మూతకు చుట్టూ నాలుగంగుళాల గట్టు కట్టాలి. తాగే నీళ్ళలో ఇంజను నూనె చుక్క కలిసినా ఆ సంపంతా పారబోయాల్సిందే.

నేల బలం గురించి మేస్త్రులు చెప్పే మాట ఒకటుంది: పైన ఎంత మంచి బండ వేసినా కింద నింపినది కూరుకోకపోతే అంతా వృథా. ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒకటిన్నర టన్నుల కారు బరువు నాలుగు అరచేతులంత జాగాల మీద పడుతుంది. కర్నూలు, పల్నాడు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి వానాకాలంలో ఉబ్బి, వేసవిలో బీటలు తీస్తుంది. అలాంటి చోట పైన రెండు మూడడుగుల మట్టి తీసేసి మొరం నింపాలి. ఒకేసారి గుట్టగా పోయకుండా అరడుగు చొప్పున పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. దాని మీద ఐదారు అంగుళాల ఎం20 కాంక్రీటు, లోపల సన్నని ఇనుప జాలీ. ప్రతి పది పన్నెండు అడుగులకు ఒక కోత ఇస్తే పగుళ్ళు ఆ గీతలోనే ఆగుతాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు నీళ్ళు కట్టాలి. ఆ పది రోజులూ తొందరపడని ఇంటివారికి ఆ గచ్చు పిల్లల కాలం దాకా నిలుస్తుంది.

పైన పరచడానికి బేతంచెర్ల, తాండూరు నాపబండలు అందంగా ఉంటాయి, చల్లగా ఉంటాయి. కింద ఎక్కడైనా బోలు మిగిలితే మాత్రం చక్రం కింద ఫెళ్ళున విరుగుతాయి. నున్నటి గ్రానైటు ర్యాంపు మీద వేయడం ప్రమాదం. తడి కాలితో నడిచే ముసలివారు జారిపడతారు. గరుకు పార్కింగ్ టైల్సు, గీతలు పెట్టిన సిమెంటు గచ్చు, ఇంటి వాడకానికి 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు, ఈ మూడూ నమ్మదగినవి. పేవర్ల సందుల్లోంచి వాననీరు నేలలోకి ఇంకుతుంది. అది మిగతా వాటికి లేని గుణం.

కప్పు విషయంలో రేకులు చవక, స్లాబు మన్నిక. రేకుల షెడ్డుకు వాన కన్నా గాలే పెద్ద శత్రువు. భారత ప్రమాణాల ప్రకారం కట్టడాల లెక్కకు హైదరాబాదులో గాలి వేగం సెకనుకు 44 మీటర్లుగా, విశాఖపట్నంలోనూ విజయవాడలోనూ 50 మీటర్లుగా తీసుకోవాలి. తెరిచి ఉన్న షెడ్డు కింద దూరిన గాలి రేకును కిందినుంచి పైకి ఎత్తుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరమంతటా రేకులు ఎగిరిపోయాయి. పైపు కాళ్ళను గచ్చు మీద బోల్టులతో బిగించి వదిలేయకుండా రెండడుగుల లోతు కాంక్రీటు గుంతల్లో నాటాలి, రేకు అంచుల దగ్గర బిగింపులు దగ్గర దగ్గరగా ఉండాలి. పడమటి ఎండ నేరుగా పడే చోట రేకు కన్నా స్లాబే మేలు. అనుమతి పత్రంలో లేని షెడ్డును ఖాళీ వదలాల్సిన సెట్‌బ్యాకులోకి తర్వాత జరిపి వేయడం ఉల్లంఘన. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ భవన అనుమతి విధానం ఆరు వందల గజాల లోపు ఇళ్ళకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. నమ్మి ఇచ్చిన అనుమతి కాబట్టి, గీసినది గీసినట్టు కట్టే బాధ్యత కూడా యజమానిదే.

స్టిల్ట్ ఇళ్ళలో రెండు సంగతులు తప్పకుండా చూడాలి. పిల్లర్లను పైనున్న గదుల కోసం పెడతారు. కింద కారు తలుపు సరిగ్గా పిల్లరుకే తగులుతుంది. రెండు కార్లు పక్కపక్కన నిలవాలంటే పిల్లర్ల నడుమ పదిహేడు అడుగులు ఖాళీ ఉండాలి. రెండోది బలం. పైన గోడలు నిండుగా ఉండి కింద గోడలే లేని అంతస్తు భూకంపానికి ముందు లొంగిపోతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కింది పిల్లర్లను ఇంజనీరు లెక్క ప్రకారం వేయించాలి. పక్కింటి కొలతలు చూసి వేయించడం తగదు.

ఇక వరద. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగిన విజయవాడలో, ఇళ్ళ ముందూ సెల్లార్లలోనూ ఉన్న కార్లు నీట మునిగాయి. రోడ్డుకన్నా కిందికి దిగే షెడ్డు ఏ ఊళ్ళోనైనా సాహసమే. చెరువు, వాగు దగ్గర్లో ఉన్న కాలనీలో అది పూర్తిగా తప్పు. స్థలం పల్లంలో ఉంటే ముందు నేలను మెరక చేయించాలి, తర్వాతే ప్లాను.

ఇప్పుడు కట్టే షెడ్డు పెట్రోలు కారుకే అనుకోవడానికి వీల్లేదు. వాహనాల చోటులో ఐదో వంతుకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్రం 2019లోనే నమూనా భవన నియమాలను సవరించింది. సొంత ఇంట్లో దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ, గోడలు లేవక ముందే చేస్తే. మీటరు పెట్టె నుంచి షెడ్డు దాకా ఒక ఖాళీ పైపు గోడలో వేసి ఉంచితే చాలు. మామూలు ఛార్జింగుకు 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది. 7 కిలోవాట్ల ఛార్జరుకు 32 ఆంపియర్ల విడి లైను, మంచి ఎర్తింగు, మంజూరు లోడు పెంచుకోవడం అవసరం. విద్యుత్ స్కూటర్లకు కూడా ఇదే చోటు కావాలి. 2022 ఏప్రిల్లో నిజామాబాదులోనూ విజయవాడలోనూ ఇళ్ళలో ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. బ్యాటరీ స్థానం పడకగది కాదు, గాలి ఆడే షెడ్డు. ఆ ప్లగ్గు దగ్గర గ్యాస్ సిలిండరు, పాత పేపర్ల కట్టలు, ధాన్యం బస్తాలు పెట్టకూడదు. బస్తాలుంటే ఎలుకలు చేరతాయి, అవే రాత్రికి కారు కింద దూరి వైర్లు కొరుకుతాయి.

కారు రోజులో చాలా గంటలు ఊరికే నిలబడి ఉంటుంది, లేదా బయట ఉంటుంది. బయట ఉన్నప్పుడు ఆ చోటు మనుషులది. వేసవిలో వడియాలు ఆరేది అక్కడే, సాయంత్రం పిల్లలు ఆడేది అక్కడే, నిశ్చితార్థానికి కుర్చీలు వేసేది, దినకర్మకు వచ్చినవారు కూర్చునేది అక్కడే. కాబట్టి మంచి వెలుతురు, ఒక ఫ్యాను కొక్కెం, ఒక కుళాయి, కూర్చోవడానికి గోడ వెంట చిన్న అరుగు దానికి కావాలి. వీటికి పట్టే ఖర్చు కారు సీటు కవర్ల ఖర్చును మించదు. ఇంట్లో పెద్దవారుంటే షెడ్డు నుంచి గుమ్మానికి మెట్ల పక్కన పన్నెండుకు ఒకటి వాటంలో సన్నని ర్యాంపు, పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. రెండడుగుల ఎత్తుకు అది ఇరవై నాలుగు అడుగులు అడుగుతుంది; ఒకేసారి కుదరకపోతే మధ్యలో ఒక మలుపు తిప్పాలి. స్ట్రెచరు మీద మనిషిని తెచ్చేటప్పుడు ఆ దారి విలువ తెలుస్తుంది, అప్పటికి కట్టుకునే వ్యవధి ఉండదు.

ఇల్లు కట్టబోయేవారు ముగ్గు పోయకముందే ఇంజనీరు చేత గదుల ప్లానుతో పాటు ఒక నిలువు కోత చిత్రం కూడా గీయించుకోవాలి. అందులో రోడ్డు మట్టం, షెడ్డు మట్టం, ఇంటి మట్టం, ర్యాంపు పొడవు అంకెల్లో ఉండాలి. ర్యాంపు మొదలు గేటు లోపల ఉన్నట్టు ఆ కాగితం మీద కనిపించేదాకా మేస్త్రికి పని అప్పగించవద్దు.